నడుం కింద అరచెయ్యి

నెల్సీ ఉక్ చేతుల్లో నూలు చిక్కుపడటం మా తిష్కోకోబ్‌లో ఎవరూ చూడలేదు. చూశామని ఎవరైనా అంటే వాళ్ళు అబద్ధమాడుతున్నట్టే. నలభై నాలుగేళ్ళుగా ఆమె వల ఉయ్యాలలు అల్లుతోంది, ఊరు ఊరంతా వాటిలోనే నిద్రపోతోంది. మావాళ్ళు ఉయ్యాల్లోనే జ్వరాలు పడి లేస్తారు, ఉయ్యాల్లోనే మొగుడూ పెళ్ళాలు కొట్లాడుకుని అందులోనే రాజీ పడతారు. తెల్లారాక దాన్ని చుట్ట చుట్టి గోడ కొక్కేనికి తగిలిస్తే గది మళ్ళీ ఖాళీ.

ఉయ్యాల బాగా కుదిరిందో లేదో తేల్చడానికి నెల్సీకి ఒక పద్ధతుంది. కొనేవాళ్ళని అందులో ఐమూలగా పడుకోమంటుంది. నిలువునా పడుకుంటే వీపు వంగిపోతుందనీ, ఐమూలగా అయితేనే ఒళ్ళు చదునుగా ఆనుతుందనీ మా ఊళ్ళో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. అప్పుడు ఆమె తన అరచేతిని వాళ్ళ నడుం కిందికి దూరుస్తుంది. చెయ్యి అసలు దూరకపోతే అల్లిక వదులు. సులువుగా దూరి అవతలికి వచ్చేస్తే బిగువు ఎక్కువ. కాస్త ఒత్తుకుంటూ వెళ్ళిందా, అదీ ఉయ్యాల. నడుముల సంగతి తన అరచేతికి తెలిసినంత మెరిదా నగరంలోని డాక్టర్లకు కూడా తెలియదని ఆమె నమ్మకం. ఆ నమ్మకాన్ని ఆమె ఎవరి దగ్గరా దాచుకోలేదు.

ఆమె భర్త ఫెర్మిన్ వడ్రంగి. పెళ్ళయిన ఏడాదే సపోటా చెట్టు చేవతో ఆమెకొక మగ్గం చేసిచ్చాడు. రెండు నిలువు గుంజలు, వాటిని కలుపుతూ కిందా పైనా రెండు అడ్డకర్రలు, అంతే. కానీ ఆ చేవలో మేకు దిగదు, పురుగు దూరదు. ఒక్కటే లోపం. కొత్త పెళ్ళికొడుకు ఉత్సాహంలో పెళ్ళాం ఎంత పొట్టిదో కొలవకుండానే గుంజలు కోసేశాడు. అవి ఆమె తలకంటే మూరెడు ఎత్తు. అప్పట్నుంచీ పైవరస అల్లాలంటే ఆమె స్టూలెక్కాలి, ఎక్కిన ప్రతిసారీ ఆయన్ని నాలుగు తిట్టాలి. నూలు రాసుకుని రాసుకుని ఆ గుంజల మీద వేలి మందాన గాడులు పడ్డాయి, తిట్లు మాత్రం అరగలేదు.

అలాంటి ఫెర్మిన్, అరవై తొమ్మిదేళ్ళవాడు, ఎవరికీ చెప్పకుండా మిద్దె మీది నీళ్ళ ట్యాంకు కడగడానికెక్కి, నిచ్చెన మీంచి జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. మెరిదా ఆసుపత్రిలో కోసి, లోపల లోహపు కీలు పెట్టారు. ఇంటికి పంపే రోజు దగ్గరపడుతుండగా డాక్టరమ్మ నెల్సీని బయటికి పిలిచి విడమరిచి చెప్పింది. మూడు నెలలు ఉయ్యాల పేరెత్తకూడదు. వెల్లకిలా, తిన్నగా, పరుపు మీద పడుకోవాలి. పరుపు గుంట పడకూడదు, అలాగని బండలా ఉండకూడదు. అంచు మీద కూర్చుంటే మోకాళ్ళు తుంటికంటే కిందికుండాలి, అంత ఎత్తు కావాలి.

"ఉయ్యాల్లో ఒక్కసారి పడుకున్నా కీలు జారొచ్చు, దోన్యా నెల్సీ," అంది, పెద్దవాళ్ళని మావైపు గౌరవంగా పిలిచే తీరులో. "జారితే మళ్ళీ కోయాలి. రెండోసారి కోశాక నడుస్తాడని నేను మాటివ్వలేను."

నెల్సీ లోపలికెళ్ళి ఆయనకు చెప్పింది. ఫెర్మిన్ గోడవైపు తిరగబోయి, తిరగలేక, పైకప్పుని చూస్తూ ససేమిరా అన్నాడు.

"తిన్నగా పడుకోబెట్టేది శవాల్నే. ఈ పది రోజులూ ఇక్కడ ఒక్క కునుకు పట్టలేదు నాకు. ఇంటికి రానీ, నువ్వు అటు తిరగ్గానే నా ఉయ్యాల్లోకి నేను పోతా."

ఆయన అన్నాడంటే చేస్తాడు. చెప్పకుండా మిద్దెక్కినవాడికి, చెప్పి మరీ ఉయ్యాలెక్కడం ఎంతసేపు? నెల్సీ సంచి భుజాన వేసుకుంది. తెచ్చే పరుపేదో, దాని మీంచి లేచిపోవాలని ఆయనకే అనిపించనిది కావాలి. అలాంటిది దొరికితే మనిషి నడుస్తాడు, లేకపోతే లేదు. వెతకాల్సింది నడుముకు ఆనేదాన్ని, ఆ పని తనకంటే ఎవరికి బాగా వచ్చు అనుకుంది. ఆ రోజు శనివారం. ఆయన్ని పంపేది సోమవారం మధ్యాహ్నం.

మెరిదా మార్కెట్ వెనక వీధిలో పెద్ద పరుపుల దుకాణం ఉంది. లోపలికెళ్ళేసరికి వరసగా ఇరవై దాకా పరుపులు, ఒక్కోటీ ఒక్కో బల్ల మీద పరిచి ఉన్నాయి. అమ్మే ఆయన పేరు రుసెల్. నలభై అయిదేళ్ళుంటాయి, పొట్ట ముందుకొచ్చిన మనిషి. మెడకో టై, ఆ ఎండకి దాని ముడి తడిసి ఉంది. ఏ పరుపు కావాలని అడిగాడు. అన్నీ కావాలంది నెల్సీ, చెప్పులు విప్పుతూ.

మొదటి పరుపెక్కి ఐమూలగా పడుకుంది. తల ఒక మూల, కాళ్ళు ఎదురు మూల. రుసెల్ నోరు నొక్కుకున్నాడు. పక్కన దిళ్ళు బేరమాడుతున్న ఇద్దరాడవాళ్ళు నొక్కుకోలేదు, హాయిగా నవ్వేశారు.

"దోన్యా, పరుపు మీద అలా కాదండి. తిన్నగా పడుకోవాలి."

"తిన్నగా పడుకోడానికి నేనేం శవపెట్టెలో పడ్డానా?" అంది నెల్సీ. కానీ డాక్టరమ్మ మాట గుర్తొచ్చి, ఫెర్మిన్ పడుకోవాల్సింది అలాగే కదా అనుకుని, గొణుక్కుంటూ తిన్నగా జరిగింది. జరిగి, తన అరచేతిని తన నడుం కిందికే దూర్చుకుంది. దూరలేదు. ఒళ్ళంతా పరుపులోకి దిగబడిపోయింది. లేచి చూస్తే ఆమె పడుకున్నంత మేరా గుంట అలాగే ఉండిపోయింది. ఒంటిని గుర్తుపెట్టుకునే పరుపిది, అన్నిటికంటే ఖరీదైనది అన్నాడు రుసెల్. ఒంటిని గుర్తుపెట్టుకోడానికి తన మొగుడున్నాడులే అని ఆమె పక్కదానికి వెళ్ళింది.

రెండోది బండ. నడుం కింద చెయ్యేంటి, పిల్లి కూడా దూరి అవతలికి పోయేట్టుంది. మూడోది బాగానే ఆనింది గానీ వంద అంకెలు లెక్కపెట్టేలోపు వీపు కింద చెమట పట్టింది. మే నెలలో మా ఊళ్ళో దానిమీద పడుకోబెడితే ఫెర్మిన్ తెల్లారేసరికి ఉడికిపోతాడు. నాలుగోదాని అంచు మీద కూర్చుంటే కిందికి జారిపోయింది. రుసెల్ మొదట్లో ప్రతిదాని గొప్పలూ చెప్పాడు. అయిదోదానికి వచ్చేసరికి ఊరుకున్నాడు. ఆరోదానికి ఆయనే ముందు వెళ్ళి అంచు నొక్కి చూసి, ఇదీ మీకు నచ్చదని తల అడ్డంగా ఊపాడు. దిళ్ళ ఆడవాళ్ళు కూడా బేరం వదిలేసి వెనకే నడుస్తున్నారు.

తొమ్మిదోది గోడ పక్కన ఉంది. రంగు లేదు, పువ్వుల్లేవు. లోపల గట్టి స్ప్రింగులు, పైన దూది. నెల్సీ పడుకుని చెయ్యి దూర్చింది. చెయ్యి ఒత్తుకుంటూ వెళ్ళింది. ఆమె కాసేపు కదల్లేదు. చెమట పట్టలేదు, అంచు జారలేదు. కానీ తన నడుం వేరు, ఆయన నడుం వేరు. తనకంటే రెండింతల బరువు ఆయన. ఆమె లేచి రుసెల్‌ని కిందినుంచి పైదాకా చూసింది.

"నువ్వు మా ఆయనంత ఉన్నావు నాయనా. బూట్లు విప్పి పడుకో."

ఆయన కుదరదన్నాడు, యజమాని చూస్తాడన్నాడు, చేతులు జోడించినంత పని చేశాడు. దిళ్ళ ఆడవాళ్ళు ఊరుకోనివ్వలేదు. చివరికి టై సర్దుకుని వెల్లకిలా పడుకున్నాడు. నెల్సీ ఆయన నడుం కింద చెయ్యి దూర్చింది. సరిగ్గా అదే ఒత్తిడి. అంచు మీద కూర్చోబెట్టి చూసింది, మోకాళ్ళు తుంటికంటే నాలుగు వేళ్ళు కిందికున్నాయి. మళ్ళీ పడుకోమని, తాను చెప్పేదాకా లేవొద్దని చెప్పి, డబ్బు తీయడానికి సంచి వెతుక్కుంది. తల ఎత్తి చూసేసరికి రుసెల్ నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. మనిషి నిద్రపోయాడు.

"దుకాణంలో పనిచేసేవాడు పట్టపగలు పడుకున్నాడంటే ఇదే పరుపు," అని తేల్చేసింది నెల్సీ. ఆయన్ని తట్టి లేపి, ఇంట్లో దేనిమీద పడుకుంటావని అడిగింది.

రుసెల్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఉయ్యాల్లో, దోన్యా. మా ఇంట్లో పరుపే లేదు."

ఇద్దరూ నవ్వుకున్నారు. సోమవారం పొద్దున తొమ్మిదింటికి పంపిస్తానని ఆయన మాటిచ్చాడు. ఇద్దరూ ఉయ్యాల మనుషులే కావడం వల్ల ఒక్క ప్రశ్న ఆయన అడగడం మర్చిపోయాడు, ఆమెకైతే అసలు తట్టనే లేదు.

సోమవారం బండి సరిగ్గా వచ్చింది. సోమవారానికి మా ఊళ్ళో అందరిళ్ళలోలాగే నెల్సీ ఇంట్లోనూ పొయ్యి మీద పంది మాంసంతో నల్ల చిక్కుడు గింజలు ఉడుకుతున్నాయి. ఇద్దరు మనుషులు ప్లాస్టిక్ చుట్టిన పరుపుని మోసుకొచ్చి గుమ్మంలో ఆగారు. గదిలోకి తొంగి చూశారు. ఒక మూల మగ్గం, దాని మీద సగం అల్లిన ఉయ్యాల. గోడలకు కొక్కేలు. కిటికీ పక్కన వేలాడుతున్న పాత ఉయ్యాల.

"మంచం ఎక్కడమ్మా?"

"ఏ మంచం?"

"దీన్ని దేనిమీద వేయాలి?"

నెల్సీకి అప్పుడర్థమైంది. దుకాణంలో ఆ పరుపుల కిందున్న బల్లలు కూరగాయల కొట్టులో బల్లల్లాంటివే, సరుకు పెట్టుకోడానికని అనుకుంది. ఉయ్యాల కొన్నవాడు ఇంటికి తీసుకెళ్ళి కొక్కేనికి తగిలిస్తే పని అయిపోతుంది. పరుపు కూడా దానంతటదే పరుపనుకుంది. తాను కొలిచిన ఎత్తులో సగానికి పైగా ఆ దుకాణం బల్లదే. నేల మీద పరిస్తే జానెడు ఎత్తు, అంతే. దానిమీద ఫెర్మిన్‌ని కూర్చోబెడితే మోకాళ్ళు గడ్డానికొస్తాయి, లేవబోతే కీలు జారుతుంది.

మనుషులు పరుపుని గోడకి ఆనించి వెళ్ళిపోయారు. నెల్సీ దుకాణానికి ఫోన్ చేసింది. రుసెల్ అవతల నెత్తి కొట్టుకున్న చప్పుడు వినిపించింది. మంచం ఎలాగూ ఉండే ఉంటుందనుకున్నానని పాపం క్షమాపణ చెప్పాడు, కానీ మంచం పంపాలంటే గురువారం దాకా బండి లేదన్నాడు. ఫెర్మిన్ మధ్యాహ్నం పన్నెండున్నరకి వస్తాడు. కూతురు మిర్నా, అల్లుడు కారులో అప్పటికే ఆసుపత్రికి బయల్దేరారు.

పక్కింటి పెద్దాయన దోన్ క్లెతో వచ్చాడు. మూడు చక్రాల సైకిల్ బండి తొక్కే మనిషి, ఫెర్మిన్‌కి చిన్నప్పటి స్నేహితుడు. సంగతి విని, ముందు ఆ పాత ఉయ్యాల తీసి దాచేయమని సలహా ఇచ్చాడు, కంటికి కనబడకపోతే ఆశ ఉండదని. నెల్సీ ఒప్పుకోలేదు. దాస్తే ఆయన వెతుక్కుంటాడని, కళ్ళెదుట పెట్టుకుని వద్దనుకుంటేనే వద్దనుకున్నట్టని చెప్పింది. తర్వాత ఇద్దరూ పెరట్లో ఫెర్మిన్ కొట్టంలోకి వెళ్ళి చెక్కలన్నీ తిరగేశారు. అడ్డంగా పరచడానికి పొట్టి పలకలు కావలసినన్ని ఉన్నాయి. నిలువునా బరువు మోయగల పొడుగు దుంగ ఒక్కటీ లేదు.

నెల్సీ తిరిగి గదిలోకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ఎంతసేపో కాదు. మగ్గం వైపు చూసింది, పరుపు వైపు చూసింది. కొలతాడు తెచ్చి మగ్గం గుంజల్ని కొలిచింది, పరుపుని కొలిచింది. మళ్ళీ కొలిచింది.

"దోన్ క్లెతో, పెరట్లో సిమెంటు దిమ్మెలున్నాయి. ఆరు తీసుకురా."

ఆయనకి విషయం అర్థమై ముక్కు మీద వేలేసుకున్నాడు. మగ్గం మీదున్నది వాళ్ళిద్దరి కోసమే ఆమె అల్లుకుంటున్న కొత్త ఉయ్యాల. మిగతావాళ్ళ పనుల మధ్య రెండేళ్ళుగా సాగుతోంది. సగంలో మగ్గం దింపిన ఉయ్యాల బిగువు పోతుంది, దాన్ని మళ్ళీ ఎక్కించడం అల్లడంకంటే కష్టం. ఆ సంగతి ఆయనకంటే ఆమెకే బాగా తెలుసు. అయినా ఆ మాట ఆయన అననే అన్నాడు.

"నాకు తెలుసు," అంది నెల్సీ. "దిమ్మెలు తీసుకురా."

పై అడ్డకర్ర ఊడదీసి, గుంజలకు చుట్టుకున్న నూలు ఉచ్చులన్నిటిలోంచి తాడు దూర్చి, ఒక్క పోగు కూడా తెగకుండా సగం ఉయ్యాలని పైకి లాగి తీసింది. చుట్ట చుట్టి కొక్కేనికి తగిలించింది. తర్వాత అడ్డకర్ర మళ్ళీ బిగించి, నలభై నాలుగేళ్ళుగా నిలబడి ఉన్న మగ్గాన్ని ఇద్దరూ కలిసి నెమ్మదిగా పడుకోబెట్టారు. మూలకో దిమ్మె, మధ్యలో అటొకటి ఇటొకటి. పైన పలకలు, పలకల మీద పరుపు. తలవైపూ కాళ్ళవైపూ నాలుగేసి వేళ్ళు మిగిలాయి, అంతే. ఆమె కొత్తగా కాపురానికొచ్చినప్పుడు ఫెర్మిన్ ఆమెను సరిగ్గా కొలిచి ఉంటే ఆ గుంజలు ఈ పరుపుకి చాలేవి కావు. దోన్ క్లెతోని అంచు మీద కూర్చోబెట్టింది. మోకాళ్ళు తుంటికంటే కిందికే ఉన్నాయి. పడుకోబెట్టి నడుం కింద చెయ్యి దూర్చింది. ఆయన సిగ్గుపడి మెలికలు తిరిగాడు గానీ చెయ్యి మాత్రం ఒత్తుకుంటూ వెళ్ళింది.

ఫెర్మిన్ వాకర్ పట్టుకుని గుమ్మం దాటేసరికి ఒంటిగంట అయింది. దారంతా గతుకులట, ముఖం పాలిపోయి ఉంది. గదిలోకి రాగానే ఆయన కళ్ళు నేరుగా పాత ఉయ్యాల మీదికి పోయాయి. అటే అడుగేయబోయాడు. మిర్నా అడ్డంపడబోతే నెల్సీ ఆపింది.

"వెళ్ళనీ. ఎవరూ ఆపరు. ఇంత దూరం వచ్చావు కదా, ముందు ఇక్కడ ఒక్క నిమిషం కూర్చో ముసలోడా."

కాళ్ళు లాగేస్తున్నాయి కాబట్టి కూర్చున్నాడు. కూర్చున్నాక, కాళ్ళు కాస్త చాపుకోమంటే చాపుకున్నాడు. వెల్లకిలా, తిన్నగా పడుకోబెట్టారు. శవాన్ని చేశారు కదా నన్ను అని సణిగాడు. నెల్సీ ఆయన నడుం కింద అరచెయ్యి దూర్చింది. ఊళ్ళో అందరి నడుములకీ చూసింది గానీ, అంత భయపడుతూ ఎప్పుడూ చూడలేదు. చెయ్యి ఒత్తుకుంటూ వెళ్ళింది. సణుగుడు ఆగిపోయింది. పన్నెండు రోజుల తర్వాత మొదటిసారి ఆయన భుజాలు కిందికి దిగాయి.

కాసేపటికి ఆయన చెయ్యి పరుపు అంచు మీంచి కిందికి జారి, కర్రని తాకింది. వేళ్ళు దాని మీద అటూ ఇటూ తిరిగి ఒక గాడిలో ఆగాయి. పక్క గాడిలోకి వెళ్ళాయి. తను చిత్రిక పట్టిన కర్రని వడ్రంగి చెయ్యి మర్చిపోదు. ఆయన తల తిప్పి మూలకి చూశాడు. అక్కడ నేల మీద మగ్గం కాళ్ళ ముద్రలు రెండు మిగిలాయి.

"ఏమే, నీ మగ్గమా ఇది?"

"అవును. నా మగ్గం మీదే పడుకున్నావు, ఇక ఇది మంచమే." నెల్సీ స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుంది. "ఆ కొక్కేనికి వేలాడేది మన కొత్త ఉయ్యాల, సగం. మగ్గం లేకపోతే అది సగమే. ఇంకొకరి మగ్గం మీద నేను అల్లను, అది నీకూ తెలుసు. నువ్వు మూడు నెలలు తిన్నగా పడుకుని, తిన్నగా లేచి, నాకు ఇంకో మగ్గం చేసివ్వాలి. కుదరదంటే ఇప్పుడే లే. పాత ఉయ్యాల అదిగో, నీకోసమే ఉంచా. కానీ నువ్వందులోకి పోయావంటే నాకు మగ్గమూ ఉండదు, మొగుడూ ఉండడు."

చివరి మాట అంటూ ఆమె పరుపు అంచుని అరచేత్తో సర్దింది, సర్దాల్సిందేమీ లేకపోయినా. దోన్ క్లెతో టోపీ తీసి పెరట్లోకి వెళ్ళిపోయాడు, మిర్నా ఆయన వెనకే వెళ్ళింది.

ఫెర్మిన్ ఉయ్యాల వైపు చూశాడు. తర్వాత మళ్ళీ కర్రని తడిమాడు, ఈ కొస నుంచి చెయ్యి అందినంత దాకా.

"నలభై నాలుగేళ్ళు సాధించావు, ఎత్తెక్కువైందని. చూశావా, ఇప్పుడు సరిగ్గా సరిపోయింది."

"పరుపుకి సరిపోయింది. నాకు ఇప్పటికీ స్టూలే గతి."

ఆయన నవ్వబోయి, తుంటి కలుక్కుమంటే ఆపుకున్నాడు. కొట్టంలో కిటికీ గట్టు మీద పెన్సిల్ ఉంటుంది, తెమ్మన్నాడు. తెచ్చి ఇవ్వబోతే వద్దని గోడవైపు చూపించాడు.

"చెప్పులు విప్పి ఆ గోడకి ఆనుకుని నిలబడు. తిన్నగా. ఆ, చెయ్యి పైకెత్తు, ఎంతదాకా అందుతుందో అంతదాకా. ఈసారి కొలవకుండా కొయ్యను."

నెల్సీ ఉక్ ఒకరి మాట విని బొమ్మలా నిలబడటం కూడా మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. ఆమె గోడకి వీపు ఆనించి, చెయ్యెత్తి, వేలి కొస దగ్గర పెన్సిల్ పెట్టింది. ఆయన పడుకున్నచోటి నుంచే ఒక కన్ను మూసి చూసి, ఇంకా సాగు, నీకు అంతకంటే అందుతుంది అన్నాడు. ఆమె మునివేళ్ళ మీద లేచింది. వంటింట్లోంచి చిక్కుడు గింజలు అడుగంటుతున్న వాసన వస్తున్నా, గీత గీసేదాకా ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు.